శాట్ సాల్వర్‌కు కోర్లు పెంచినా వేగం ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక డిజిటల్ సర్క్యూట్‌ను సరిచూడడానికి తయారుచేసిన బూలియన్ సూత్రాన్ని (నిజం, అబద్ధం విలువలే తీసుకునే చలరాశులతో రాసినదాన్ని), దాన్ని నిజం చేసే విలువలున్నాయో లేదో వెతికే శాట్ సాల్వర్‌తో, 64 కోర్లున్న యంత్రం మీద పరిష్కరించడానికి ప్రయత్నిస్తున్నాను. ఆరు చలరాశులను ఎంచుకుని, వాటికి నిజం, అబద్ధం విలువలను అన్ని విధాలా ఇచ్చి, వచ్చిన 64 భాగాలను కోర్‌కు ఒకటి చొప్పున అప్పగించాను. దాదాపు అన్నీ నిమిషాల్లో తేలిపోయాయి కానీ, మూడు భాగాలు మాత్రం రాత్రంతా నడిచినా కొలిక్కి రాలేదు, తక్కిన కోర్లన్నీ ఖాళీగానే ఉండిపోయాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు 1:
భాగాలన్నీ సమానంగా ఉంటాయనుకోవడమే పొరపాటండీ. ఒక చలరాశికి నిజం అని విలువ ఇస్తే యూనిట్ ప్రొపగేషన్ వల్ల (ఒక షరతులో ఒక్క చలరాశే మిగిలితే దాని విలువ తప్పనిసరిగా తేలిపోవడం వల్ల) వందల చలరాశులు వాటంతటవే తేలిపోవచ్చు, అదే చలరాశికి అబద్ధం అని ఇస్తే ఒక్కటీ కదలకపోవచ్చు. మారైన్ హ్యూలె, ఆయన సహచరులు 2011లో ప్రతిపాదించిన క్యూబ్ అండ్ కాంకర్ పద్ధతిలో, ముందుగా లుక్‌అహెడ్ సాల్వర్ చలరాశులను రెండు విలువలతోనూ పరీక్షించి, సూత్రాన్ని రెండు వైపులా బాగా కుదించేదాన్ని ఎంచుకుంటుంది, కొమ్మ తగినంత తేలికైన చోటే విభజన ఆపుతుంది. భాగాలు కూడా కోర్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. 2016లో బూలియన్ పైథాగరస్ త్రికాల (a² + b² = c² అయ్యే మూడేసి పూర్ణసంఖ్యల) సమస్యను సుమారు పది లక్షల క్యూబులుగా, అంటే కొన్ని చలరాశుల విలువలు ఖాయం చేసిన భాగాలుగా, విడగొట్టి, 800 కోర్ల మీద దాదాపు రెండు రోజుల్లో తేల్చారు. 7824 వరకు ఉన్న సంఖ్యలకు, ఏ త్రికమూ ఒకే రంగులో పడకుండా, రెండు రంగులు వేయవచ్చని, 7825 వరకు వెళితే అది అసాధ్యమని అలా రుజువైంది.

జవాబు 2:
పై జవాబు సరైనదే, అయితే సర్క్యూట్ల సూత్రాలకు నేను ముందు పోర్ట్‌ఫోలియో పద్ధతినే ప్రయత్నిస్తాను. ఇందులో మొత్తం సూత్రాన్ని ప్రతి త్రెడ్‌కూ (సమాంతరంగా నడిచే ప్రతి సాల్వర్‌కూ) ఇచ్చి, వెతుకులాటను మళ్లీ మొదలుపెట్టే రీస్టార్టుల వ్యూహాన్ని, మొదట ప్రయత్నించే విలువలను ఒక్కోదానికి ఒక్కోలా పెట్టి, నేర్చుకున్న క్లాజులను (వెతుకులాట విఫలమైనప్పుడల్లా సాల్వర్ చేర్చుకునే కొత్త షరతులను) వాటి మధ్య పంచుతారు. అన్నీ పంచితే సాల్వర్ ఆ బరువుకే కుంగిపోతుంది కాబట్టి ఎల్‌బీడీ తక్కువగా ఉన్నవాటిని ఏరాలి. క్లాజులోని లిటరళ్లు (చలరాశులు లేదా వాటి నిరాకరణలు) ఎన్ని వేర్వేరు నిర్ణయ స్థాయిల్లో, అంటే సాల్వర్ చేసిన ఎన్నో ఊహ తర్వాత, విలువ పొందాయో లెక్కించేదే ఎల్‌బీడీ. ఒక క్లాజులోని ఐదు లిటరళ్లలో మూడు 4వ నిర్ణయ స్థాయిలో, రెండు 9వ స్థాయిలో విలువ పొందాయనుకుందాం. పొడవు ఐదైనా దాని ఎల్‌బీడీ రెండే, కనుక అది పంచదగినది. సాల్వర్ సమయంలో అధిక భాగం ప్రొపగేషన్‌కే, అంటే మెమరీని తడుముకోవడానికే పోతుంది. అందువల్ల 64 త్రెడ్లు ఒకే క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగవంతమైన మెమరీ) కోసం పోటీపడేలా చేయకుండా, ముందు 16తో నడిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా 64 భాగాల మధ్య కూడా క్లాజులు పంచవచ్చా? నేను ఆ ఆరు విలువలను యూనిట్ క్లాజులుగా (ఒకే లిటరల్ ఉన్న క్లాజులుగా) సూత్రంలోనే చేర్చాను.

జవాబు 2 రాసినవారు:
అలా చేర్చి ఉంటే దయచేసి పంచకండి. అప్పుడు నేర్చుకున్న క్లాజు ఆ భాగానికి మాత్రమే చెల్లుతుంది. దాన్ని మరో భాగంలో వేస్తే, పరిష్కారం ఉన్న సూత్రానికి కూడా లేదనే తప్పు ఫలితం రావచ్చు. అవే విలువలను అసంప్షన్లుగా ఇస్తే, అంటే నిర్ణయాలుగా మాత్రమే పెడితే, నేర్చుకున్న ప్రతి క్లాజూ అసలు సూత్రం నుంచే వస్తుంది కనుక ఏ భాగానికైనా నిశ్చింతగా పంపవచ్చు.