నడుం బెల్టు: లుంగీ కట్టే మనిషికి సైజు ఎలా చూడాలి?

మంగళగిరి అంచు:
మా నాన్నగారికి అరవై రెండేళ్లు. నలభై ఏళ్లుగా గుంట మగ్గం మీద చీరలు నేస్తున్నారు. నెల రోజులుగా నడుం నొప్పి. పొద్దున్నే లేవగానే ఒక పట్టాన వంగలేరు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న గంటకు నొప్పి మళ్లీ మొదలవుతుంది. డాక్టరు గారు పరీక్షించి, ఇది కండరాల పట్టు అని చెప్పి మాత్రలు రాశారు. బరువులు ఎత్తే పని ఉంటే కొన్నాళ్లు బెల్టు పెట్టుకోమన్నారు. ఏ రకం, ఏ సైజు అన్నది చీటీలో లేదు.

మందుల షాపులో "ప్యాంటు సైజు ఎంత?" అని అడిగారు. నాన్నగారికి బుద్ధి తెలిసినప్పటి నుంచి లుంగీయే. షాపు అబ్బాయి ఎగాదిగా చూసి లార్జ్ ఇచ్చాడు. నిలబడి పెట్టుకుంటే బాగానే ఉంది. గుంటలో కూర్చోగానే బెల్టు మొత్తం పైకి జరిగి, వెనక ఉన్న బద్దల కొసలు పక్కటెముకల కింద గుచ్చుకున్నాయి. ముందువైపు రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కాయి. సాయంత్రం విప్పి చూస్తే వీపు మీద బొటనవేలి వెడల్పున రెండు ఎర్రటి చారలు. "అలవాటైతే అదే సర్దుకుంటుంది" అంటున్నారు ఆయన. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. వాడినవాళ్లు ఎలా ఎంచుకున్నారో చెప్పండి.

జాతీయ రహదారి 16:
అమ్మా, అది అలవాటయ్యేది కాదు. సైజు తప్పు. నేను ఇరవై రెండేళ్లుగా లారీ నడుపుతున్నాను. నా తప్పు దీనికి సరిగ్గా తలకిందులు. నా ప్యాంటు 38. ఆ లెక్కన బెల్టు కొన్నాను. కానీ మా వయసు వాళ్లకు ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది, బెల్టు పొట్ట మీదుగా పోతుంది. బొడ్డు దగ్గర టేపు పెడితే నా కొలత 42 అంగుళాలు! అతుక్కునే పట్టీ రెండు వేళ్ల మేర మాత్రమే అందేది. లోడు కట్టడానికి తాడు లాగితే చర్రుమని ఊడిపోయేది. దర్జీ టేపుతో కొలవండి. వేరే లెక్క నమ్మకండి.

సర్జికల్ కౌంటర్:
పదకొండేళ్లుగా ఈ వస్తువులు అమ్ముతున్నాను. మా వైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఒప్పుకోవాలి, రద్దీ వేళలో కొలవకుండా కంటితో అంచనా వేసి ఇచ్చేస్తాం.

కొలిచేది ఇలా. పలచని బనియను మీద, మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా బొడ్డు మట్టంలో టేపు చుట్టండి. టేపు వీపు మీద కిందికి జారకుండా ఇంకొకరు చూడాలి. తర్వాత పెట్టె మీది పట్టిక చదవండి. చాలా పెట్టెల మీద సెంటీమీటర్లు ఉంటాయి, అంగుళాలను 2.54తో హెచ్చవేయాలి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం ఒకటి కాదు. కొన్ని బెల్టులకు బొడ్డు దగ్గర కాకుండా తుంటి దగ్గర కొలవమని రాసి ఉంటుంది, అదీ చూసుకోవాలి. కొలత రెండు సైజుల అంచున పడితే రెండూ పెట్టి చూడకుండా డబ్బు కట్టకండి.

ఇక రకం. వెనక నిలువు బద్దలు ఉండి, జానెడుకు మించిన ఎత్తు ఉండేది ఎల్.ఎస్. (లంబో సేక్రల్, అంటే నడుం, దాని కింది భాగం) బెల్టు, మామూలుగా నడుం బెల్టు అనేది దీన్నే. దీనిలోనే వీపు ఒంపుకు తగ్గట్టు మలిచినవి, ఎత్తు తక్కువవి కూడా ఉన్నాయి. బద్దలు లేకుండా మెత్తగా సాగేది పొట్ట బెల్టు, కాన్పుకు, ఆపరేషన్‌కు వాడేది. రెండూ చర్మం రంగులోనే వస్తాయి కాబట్టి జనం ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుపోతారు. భుజాల మీదుగా పట్టీలు వచ్చే పొడవాటిది టేలర్ బ్రేస్. దాన్ని డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వను.

మీ నాన్నగారిని షాపులో నిలబెట్టి కాదు, కింద కూర్చోబెట్టి చూడండి. ఆయన పని కూర్చునే పని కదా.

పెరటి జామచెట్టు:
టేలర్ బ్రేస్ అన్నారు కాబట్టి మా అమ్మ సంగతి చెబుతాను. డెబ్బై నాలుగేళ్లు. స్నానాల గదిలో జారి కూర్చుండిపోయింది. దెబ్బ పెద్దగా కనబడలేదని, ఇంట్లో ఉన్న నడుం బెల్టే చుట్టాం. పది రోజులు ఆ మనిషి పక్క మీద దొర్లలేక ఏడ్చింది. తర్వాత ఎక్స్‌రే తీయిస్తే డీ 12 వెన్నుపూస, అంటే ఛాతీ వెనక భాగంలో అన్నిటికన్నా కిందిది, నలిగిపోయి ఉంది. మేం చుట్టిన బెల్టు పై అంచు ఆ ఎముక దాకా సరిగా చేరనే లేదు. అప్పుడు డాక్టరు గారు పొడవాటి బ్రేస్ రాశారు, మంచం మీద పడుకోబెట్టే ఎలా తొడగాలో నర్సు చూపించింది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు పడితే, చిన్న జారుడే అయినా, బెల్టు కోసం కాదు, ముందు ఎక్స్‌రే కోసం పరుగెత్తండి. ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇద్దరు పిల్లల తల్లి:
నాకు రెండో కాన్పు తర్వాత నొప్పి నడుములో కాదు, ఇంకా కిందికి, పిరుదు పైన గుంట పడే చోట, ఒక్క పక్కనే. మంచం మీద పక్కకు తిరిగితే ప్రాణం పోయేది. నడుం బెల్టు పెట్టుకుంటే తేడా లేదు. ఫిజియోథెరపిస్టు చూసి కటి కీలు, అంటే వెన్ను అడుగు ఎముక తుంటి ఎముకతో కలిసే చోటు, వదులైందని, దానికి వాడే సన్నటి ఎస్.ఐ. (సేక్రో ఇలియాక్) బెల్టు తెప్పించారు. అది నాలుగు వేళ్ల వెడల్పు, నడుముకు కాదు, తుంటికి కట్టాలి. కొలత కూడా తుంటిదే. నడిచేటప్పుడు నాకు చాలా ఆసరా ఇచ్చింది. వేలు పెట్టి నొప్పి ఎక్కడో చూపించాకే రకం తేల్చుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఫిజియో, వరంగల్:
పైన చెప్పిన కొలతలన్నీ సరైనవే. కానీ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. బెల్టు నొప్పిని నయం చేయదు. 1994లో అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్, ఆరోగ్యంగా ఉన్న కార్మికులకు బెల్టు వల్ల గాయాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని తేల్చింది. 2000లో 160 దుకాణాల్లో బరువులెత్తే 9 వేల మందికి పైగా సిబ్బందిని తీసుకుని చేసిన అధ్యయనంలో, రోజూ పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ నడుం నొప్పిలో తేడా కనబడలేదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనూ మామూలు నడుం నొప్పికి బెల్టులు ఇవ్వొద్దనే అన్నాయి. ఎముక విరిగినప్పుడు, ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసే బ్రేస్ సంగతి వేరు.

జాతీయ రహదారి 16:
డాక్టరమ్మా, మీ మాట కాదనను. కానీ లోడు దించే వేళ ఆ బెల్టు లేకపోతే నేను వంగలేను. అది అబద్ధం కాదు కదా?

ఫిజియో, వరంగల్:
అబద్ధం కాదండీ. మీకు కలిగే ఊరట నిజమే. బెల్టు నడుమును "ఇక్కడ జాగ్రత్త" అని గుర్తు చేస్తుంది, ఎక్కువ వంగనివ్వదు. అందుకే బరువు పని ఉన్న గంట, రెండు గంటలు పెట్టుకుని తీసేయండి. రోజంతా, రాత్రంతా దాని మీదే ఆధారపడితే నడిచే ధైర్యం తగ్గుతుంది. నా దగ్గరకు వచ్చే చాలామంది బెల్టు విప్పడానికే భయపడుతుంటారు, వాళ్లను ఆ భయం నుంచి బయటికి తేవడానికే నాకు వారాలు పడుతుంది.

పెట్టుకునే తీరు: కింది అంచు తుంటి ఎముకల పైభాగాన్ని కప్పాలి, బద్దలు వెన్నుకు రెండు పక్కలా రావాలి, వెన్ను గాడి మీద కాదు. బిగించాక లోపలికి రెండు వేళ్లు దూరాలి. నిండుగా భోంచేసిన వెంటనే వద్దు. హెర్నియా, గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బిగించుకోకూడదు.

మంగళగిరి నుంచి రాసిన అమ్మాయికి: నేసేటప్పుడు బెల్టు వద్దమ్మా. వంగి కూర్చుంటే అది గుచ్చుకుంటుంది తప్ప మోయదు. దాని బదులు నాన్నగారు కూర్చునే చోటు రెండంగుళాలు ఎత్తు చేసి చూడండి, అరగంటకోసారి గుంట నుంచి పైకి లేచి నాలుగు అడుగులు వేయమనండి. కాలు బలహీనపడినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అది ఏ బెల్టుతోనూ ఆగేది కాదు.

మంగళగిరి అంచు:
అందరికీ నమస్కారం. ఈ రోజు టేపు పెట్టాను. బొడ్డు దగ్గర 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. మేం తెచ్చిన లార్జ్ పెట్టె మీద 90 నుంచి 100 అని రాసి ఉంది! పెట్టె ఇంట్లోనే ఉన్నా నేను చదవలేదు.

షాపులో మార్చి ఇచ్చారు. ఈసారి మీడియం, అదీ ఎత్తు తక్కువది. షాపు గచ్చు మీదే నాన్నగారు గుంటలో కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చుని చూశారు. పక్కటెముకలకూ బెల్టుకూ మధ్య మూడు వేళ్ల సందు ఉంది. మగ్గం దగ్గర కూర్చునే పీట మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేశాం. మొదటి రోజు చెయ్యి నాడె (పేక దారం మోసుకెళ్లే పరికరం) తాడుకు సరిగా అందడం లేదన్నారు, ఒక మడత తీశాక కుదిరింది. కొత్త పడుగు దారాలు మగ్గానికి ఎక్కించే బరువు పని రోజున మాత్రం బెల్టు పెట్టుకుంటానన్నారు.

ఉతకడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. ఈ ఎండలకు రెండు రోజులకే చెమట వాసన వస్తోంది.

సర్జికల్ కౌంటర్:
బద్దలు బయటికి లాగండి, లోపలి జేబుల్లో ఉంటాయి. ఏ వైపు ఒంపు ఎటు ఉందో ముందే గుర్తు పెట్టుకోండి. అతుక్కునే పట్టీలు మూసి, చల్లని నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే సాగే గుణం పోతుంది. కింద నూలు బనియను తప్పనిసరి.