పండుమిర్చి చీల్చాక చేతుల మంట తగ్గట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న, ఒంగోలు దగ్గర పల్లె నుంచి:
అందరికీ నమస్తే. నిల్వ పచ్చడికని పండుమిరపకాయలు తెప్పించాం. పొద్దున అమ్మా నాన్నా కూర్చుని ముచ్చికలు తీసి అన్నీ చీల్చారు. అప్పుడు ఏమీ లేదు గానీ మధ్యాహ్నం నుంచి అమ్మ చేతులు ఒకటే మంట. చన్నీళ్లలో పెట్టినంతసేపు బాగుంటుంది, తీయగానే మళ్లీ మొదలు. వేణ్నీళ్లతో కడిగితే ఇంకా ఎక్కువైంది. ఎర్రబడ్డాయి, బొబ్బలైతే లేవు. నాన్న కూడా అంతే పని చేశారు, ఆయనకేమో ఏమీ లేదంట. కాలినట్టా, కాదా? టెన్షన్‌గా ఉంది.

కావలి నుంచి:
అక్కా, ముందు నీళ్లు ఆపండి. వేరుశెనగ నూనె గానీ కొబ్బరి నూనె గానీ బాగా పట్టించి, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్ది, పొడిగుడ్డతో తుడిచేసి, తర్వాత గిన్నెల సబ్బుతో కడగండి. రెండు మూడు సార్లు చేయాలి. మా ఇంట్లో ప్రతి ఏడూ ఇదే.

నెల్లూరు నుంచి (ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను):
కావలి ఆయన చెప్పింది కరెక్ట్. ఎందుకో కూడా తెలిస్తే అమ్మగారికి భయం పోతుంది. మిరపకాయలో కారం అంటే కాప్సైసిన్, అది గింజల్లో కన్నా గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలోనే ఎక్కువ, అందుకే చీల్చినప్పుడు చేతికి బాగా అంటుతుంది. నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మంలో నొప్పిని పట్టే నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. అసలు దాని పని సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పట్టుకోవడం. కాప్సైసిన్ వెళ్లి దానికి అతుక్కుంటే వేడి లేకుండానే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూరి, నరం వెంట వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు అదే కబురు వెళ్తుంది: కాలుతోంది అని. మెదడుకు తేడా తెలియదు. కాబట్టి మంట నిజమే, కాలిన గాయం మాత్రం లేదు. ఆ నరాల కొసలే చుట్టూ రక్తనాళాలు వెడల్పయ్యే పదార్థాలు వదులుతాయి, ఎరుపు దానివల్లే. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిపి.

వేణ్నీళ్లకు ఎందుకు పెరిగిందంటే, కాప్సైసిన్ పట్టి ఉన్నంతసేపు ఆ గ్రాహకానికి 43 డిగ్రీలు అక్కర్లేదు, మామూలు గోరువెచ్చదనానికే తెరుచుకుంటుంది. రాత్రి చేతులు దుప్పట్లో పెట్టుకోవద్దనండి. అరచేతి చర్మం మందం కాబట్టి కారం లోపలికి దిగడానికి టైం పట్టింది, అందుకే పొద్దున తెలియలేదు. ఈ రోజంతా కళ్లు ముట్టుకోవద్దు. కంట్లో పడితే మాత్రం నూనె కాదు, మంచినీళ్లతో బాగా కడగాలి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి. చేతుల మీద బొబ్బలు లేచినా చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
నూనె, సబ్బు రెండుసార్లు అయింది, చాలా నయం సార్. మరి నాన్న సంగతి? ఆయనకు షుగర్ ఉంది, చాలా ఏళ్లుగా.

నెల్లూరు నుంచి:
ఇది అడిగి మంచి పని చేశారు. రోజూ మిరప పనిలో ఉండేవాళ్లకు నరాల కొసలు కొంతకాలం మొద్దుబారతాయి, చేయి కాయలు కాసి ఉన్నా మంట తక్కువే. నాన్నగారిది అదే కావచ్చు. కానీ షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి, వేడి తెలిపే సన్నటి నరాలు దెబ్బతింటాయి, అది ఎక్కువగా పాదాల నుంచే మొదలవుతుంది, చేతులది తర్వాతి వంతు. కాబట్టి చేతులు వదిలేసి పాదాలు చూడండి. అరికాలు తిప్పి, వేళ్ల సందులు విడదీసి, ఆయనకు తెలియకుండా ముల్లు, పుండు, పగులు ఏమైనా ఉందేమో ఈ సాయంత్రమే చూడండి. చెప్పులు లేకుండా పొలానికి పంపకండి. షుగర్ డాక్టర్ దగ్గర సన్నటి నైలాన్ తీగతో అరికాలు తాకి చూసే పరీక్ష ఉంటుంది, శృతిదండం (కొడితే అదిరే రెండు కొమ్ముల లోహపు కడ్డీ, ట్యూనింగ్ ఫోర్క్) ఎముక మీద ఆనించి అదురు తెలుస్తోందా అని కూడా చూస్తారు. నొప్పేమీ ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. ఈసారి వెళ్లినప్పుడు పాదాలు చూడమని మీరే అడగండి, నాన్నగారు బాగానే ఉందన్నా సరే.