కోఠీలో రేడియో కాయిల్స్ ఇక దొరకవా?

తార్నాక_కుర్రాడు:
మీడియం వేవ్ రేడియో సొంతంగా కడదామని కోఠీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఐఎఫ్‌టీ కాయిల్స్ (రేడియో లోపల సిగ్నల్‌ని వడకట్టేవి), గ్యాంగ్ కండెన్సర్ (తిప్పి స్టేషన్ మార్చేది) ఎక్కడా లేవు. ఒక షాపాయన ఎఫ్ఎం మాడ్యూల్ (అన్ని పార్టులూ బిగించి వచ్చే చిన్న బోర్డు) చేతిలో పెట్టి "రేడియో అంటే ఇదే, తీసుకెళ్లు" అన్నాడు. ఎందుకిలా అయింది?

పాత_మెకానిక్:
తమ్ముడూ, కొత్త కాయిల్స్ కోసం తిరగకు. నేను రిపేరు పని నేర్చుకునేటప్పుడు ఎర్ర ఆసిలేటర్ కాయిల్, పసుపు, తెలుపు, నలుపు ఐఎఫ్‌టీలు సెట్టుగా పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు. రంగు చూస్తే ఏ స్టేజీదో తెలిసిపోయేది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కోర్ మెల్లగా తిప్పుతూ ఐఎఫ్‌టీలు పనిచేయాల్సిన 455 కిలోహెర్ట్జ్‌కి తెచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ పనంతా చిప్ లోపలే అయిపోతోంది. కాయిల్స్ అడిగేవాళ్లు లేరు, షాపువాళ్లు తెప్పించడం మానేశారు.

పిక్చర్ ట్యూబ్ టీవీలు పోవడంతో వాటికి హై వోల్టేజి ఇచ్చే ఎల్‌ఓటీ ట్రాన్స్‌ఫార్మర్లూ అలాగే పోయాయి. ఆ ర్యాకుల్లోకి ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు సామాను వచ్చింది. ముందు ప్రోగ్రామ్ రాసి నడిపే 8051 బోర్డులు, తర్వాత ఆర్డుయినో, వైఫై ఉన్న ఈఎస్‌పీ8266. బీసీ547 ట్రాన్సిస్టర్, 555 టైమర్ ఐసీ, 7805 వోల్టేజి రెగ్యులేటర్ మాత్రం ఎప్పుడడిగినా ఉంటాయి.

నా బాధల్లా ఒకటే. మాడ్యూల్ మీద చిన్న రెగ్యులేటర్ కాలినా పిల్లలు బోర్డు మొత్తం పారేస్తున్నారు. విడిభాగం అడగకపోతే షాపువాడు మాత్రం ఎందుకు ఉంచుతాడు?

ల్యాబ్_మేడమ్:
మెకానిక్ గారూ, మా డిప్లొమా పిల్లలు ఆ వైఫై చిప్‌ని మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికించలేరు. మాడ్యూల్ ఉండబట్టే మొదటి రోజే ఏదో ఒకటి పనిచేయించి, ఉత్సాహంగా మళ్లీ ల్యాబ్‌కి వస్తున్నారు.

పాత_మెకానిక్:
అది నిజమే మేడమ్. మాడ్యూల్‌తోనే మొదలుపెట్టనివ్వండి. కానీ పాడైన బోర్డు మీద మీటరు పెట్టి, ఏ పార్టు పోయిందో కూడా వెతికించండి.

తార్నాక_కుర్రాడు:
మరి నా రేడియో సంగతి, అన్నా?

పాత_మెకానిక్:
టీఏ7642 అని మూడు కాళ్ల ఐసీ ఆన్‌లైన్‌లో తెప్పించుకో. దానికి ఐఎఫ్‌టీలు అక్కర్లేదు, 1.5 వోల్టుల సెల్ ఒక్కటి చాలు. గ్యాంగ్, ఫెర్రైట్ రాడ్ (ఏరియల్ కాయిల్ చుట్టి ఉండే నల్ల కడ్డీ) ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఏదైనా పాత సెట్టు కొని ఊడదీసుకో. ముందు 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ స్టేషన్ పట్టు, దగ్గరే కాబట్టి తేలిగ్గా వస్తుంది. గరగర వస్తే ఎల్ఈడీ బల్బులు ఆపి చూడు. సెట్టు కొనేముందు వెనక మూత తీయించి, రాడ్ విరిగిందేమో చూసుకో.