యాభై కాపీలకే పుస్తకం వచ్చేస్తోంది. తెలుగు పుస్తకానికి ఇది మేలా, కీడా?

ఏలూరు రోడ్డు పాతకాపు:
మొన్న ఒక కుర్రాడు తన కథల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. అట్ట బాగుంది, కాగితం బాగుంది. మూడో పేజీలో ‘విధ్యార్థి’. ఆరో పేజీలో సీత అన్న అమ్మాయి పదకొండో పేజీకొచ్చేసరికి గీత అయిపోయింది. ప్రూఫు ఎవరు చూశారయ్యా అంటే, “మా ఫ్రెండు చూశాడండీ, ఫోన్లో” అన్నాడు. ఎన్ని వేశావంటే యాభై.

బెజవాడలో ముప్పై ఏళ్లుగా పుస్తకాలు వేసే పనిలో ఉన్నాను. ఆఫ్‌సెట్ అచ్చులో పేజీలకి రేకు ప్లేట్లు చేయించి మిషనెక్కించేసరికి, ఒక్క కాపీ చేతికి రాకముందే బోలెడు ఖర్చయిపోతుంది. అందుకే వెయ్యికి తక్కువ వేసేవాళ్లం కాదు. డబ్బు మాది, గోడౌను మాది, కాబట్టి ముందు చదివేవాళ్లం. వద్దనేవాళ్లం. ఫలానాది మారిస్తే వేస్తామనేవాళ్లం. ఇప్పుడు డిజిటల్ మిషన్‌కి ప్లేట్లే అక్కర్లేదు. పొద్దున పీడీఎఫ్ ఇస్తే యాభై కాపీలు చేతికొచ్చేస్తున్నాయి. డబ్బు రచయితే పెట్టుకుంటున్నాడు, ఇక వద్దని చెప్పే మనిషి ఏడీ? కీడే అంటాను. కాదంటే చెప్పండి.

పలాస పంతులు:
నమస్తే అండీ. మీలాంటి వాళ్లు వద్దన్నవాళ్లలో నేనొకణ్ణి. 2004లో నా కవితలు పట్టుకుని ఒక ప్రచురణ సంస్థకి వెళ్లాను. కట్ట విప్పకుండానే “కవిత్వం అమ్ముడుపోదు మాస్టారూ, ఖర్చు మీరే పెట్టుకుంటే వేస్తాం” అన్నారు. పీఎఫ్ లోను తీసి వెయ్యి వేయించాను. పంచగా మిగిలినవి ఆరొందల చిల్లర, పదేళ్లు మా మంచం కిందే ఉన్నాయి. చెదలు పట్టేదాకా మా ఆవిడ ఏమీ అనలేదు. పట్టాక అంది. రచయిత డబ్బుతో పుస్తకం వేయడం డిజిటల్ మిషన్ తెచ్చిన రోగం కాదండీ.

పోయినేడు వందే వేశాను. ఫేస్‌బుక్‌లో పెట్టి, వాట్సాప్‌లో అడ్రసులు తీసుకుని, నేనే కట్టలు కట్టి పంపాను. ఎనభై ఆరు వెళ్లాయి. షాపులో పెడితే నలభై శాతం కమీషను, మిగతా డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నన్ను కుంగదీసింది పోస్టు సంగతి. 2024 డిసెంబరులో, పుస్తకాలు చౌకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశారు కదా, చిన్న పుస్తకానికి పోస్టు ఖర్చే భారమైపోయింది. 2025 మేలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అని ఇంకో చౌక పోస్టు వచ్చాక, 300 గ్రాముల దాకా 20 రూపాయలతో మొదలు కాబట్టి, ఊపిరి పీల్చుకున్నాను.

అచ్చుతప్పుల మాట ఒప్పుకుంటాను. నా పుస్తకంలో తొమ్మిది.

చిక్కడపల్లి డీటీపీ:
ఇద్దరు పెద్దమనుషులు మిషన్ గురించే కొట్లాడుతున్నరు. లోపల ఫైల్ ఎట్లున్నదో ఎవ్వరు చూస్తలేరు.

నేను చూసిన పుస్తకాలల్ల మస్తు మటుకు అను అనే పాత తెలుగు ఫాంట్లల్ల, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ల ఉన్నయి. అది కంప్యూటర్ లెక్కల తెలుగు కాదు సార్. ఇంగ్లీషు అక్షరాల జాగల తెలుగు బొమ్మలు కూసోబెట్టిన్రు. ఫాంట్ తీసేస్తే అంత గజిబిజే. పదం వెతికితే దొరకది, ఫోన్ల పెడితే కనపడది, ఈబుక్ కాది. ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా గుర్తుపట్టే అక్షరాల లెక్క యూనికోడ్, అండ్ల తెలుగు 1991 నుంచే ఉన్నది. పేజ్‌మేకర్ మాత్రం 7.0 కాడ ఆగిపోయింది, దానికి యూనికోడే తెల్వది. మరి ఎందుకు ఇడవలేదంటరా? చేతులకు ఆ కీబోర్డే అలవాటైంది. పేజీకింత అని పైసలొచ్చే పనిల మల్ల ఓనమాలు దిద్దుకుంట కూసుంటే ఇల్లు గడవది. అదీగాక మొదట్ల యూనికోడ్ ఫాంట్లు అచ్చుల ఏం బాగుండకపోయేవి.

కన్వర్టర్లు లేవా అంటే ఉన్నయి. ఒత్తు ఒక అక్షరం పక్కకు జరుగుతది, అరసున్న మాయమైతది, కొటేషన్లు తారుమారైతయి. రెండొందల పేజీలు మారిస్తే మొదటి పేజీ నుంచి మల్ల ప్రూఫ్ చూడాలె. దానికి పైసలు ఎవరూ ఇయ్యరు. అందుకే మన పాత పుస్తకాలు ఈబుక్‌లు అయితలేవు. ఇంకో ముచ్చట. అమెజాన్‌ వాళ్ల ఈబుక్‌ల కిండిల్ 2016 డిసెంబరుల మన దేశపు భాషలు ఐదింటికి తలుపు తీసింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అండ్ల తెలుగు లేదు. తమిళపోళ్లు అప్పుడే అందులకు పోయిన్రు, మనం గడప బయట నిలబడ్డం.

డల్లాస్ నుంచి:
150 రూపాయల పుస్తకం ఇక్కడికి తెప్పించుకుంటే పోస్టు ఖర్చు దానికి ఐదారింతలు. కొన్న ఈబుక్కులేమో సగానికి సగం పేజీల ఫొటోలే, అక్షరం పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది. తిట్టుకున్నా సరే చెప్పేస్తాను: టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చిన పీడీఎఫ్‌లు చదివాను. కొనుక్కునే దారి ఉంటే కొనేవాణ్ణే.

ఏలూరు రోడ్డు పాతకాపు:
దారి లేదని దొడ్డిదారిన వస్తారా బాబూ! మేం వేసిన అనువాదం ఒకటి పుస్తకాల పండగలో పెట్టిన పదో రోజుకే గ్రూపుల్లో తిరిగింది. స్కాన్ చేసినవాడి బొటనవేలు కూడా పడింది పేజీ మీద. రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కులు వారసులవని చట్టంలో ఉంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసినవి ఎవరైనా వేసుకోవచ్చు. చలం పోయింది 1979లో, అంటే 2039 చివరి దాకా ఆగాలి. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టి, పాత పత్రికల్లో చెదిరిపోయిన కథల్ని ఒకచోటికి చేర్చారు. వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెడితే దణ్ణం పెడతాను. నిన్న అచ్చయిన పుస్తకాన్ని పంచిపెడితే మాత్రం కాదు.

పలాస పంతులు:
బాగా చెప్పారు. పన్ను సంగతి కూడా ఒకసారి చూడండి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈబుక్‌కి 18 శాతం ఉండేది. 2018 జూలైలో 5కి తగ్గించారు గానీ, అచ్చులో కూడా ఉన్న పుస్తకానికే. నేరుగా ఈబుక్‌గా వచ్చే పుస్తకానికి ఆ తగ్గింపు లేదు. ఇక కుర్రాళ్లు యాభై కాపీలు అచ్చేసుకోక ఏం చేస్తారు?

ఏలూరు రోడ్డు పాతకాపు:
మాస్టారూ, ఆ 2004 నాటి మాటకి మా వాళ్లందరి తరఫునా నేను సిగ్గుపడుతున్నాను. చదవకుండా వద్దనడం తప్పే. చదివి వద్దనే మనిషి కావాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

చిక్కడపల్లి తమ్ముడూ, నా బీరువాలో పేజ్‌మేకర్ సీడీలు నలభై దాకా ఉన్నాయి. సగం పుస్తకాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. తెరుచుకుంటాయంటావా?

చిక్కడపల్లి డీటీపీ:
గీతలు పడకపోతే తెరుచుకుంటయి బాబాయ్, పాత కంప్యూటర్ ఒకటి అందుకోసమే దాచిపెట్టుకున్న. కొరియర్ చెయ్యున్రి. మార్చేటందుకు పైసలొద్దు. ప్రూఫ్ మాత్రం మీరే చూడాలె, ఫోన్ల కాదు.