కోచ్ దగ్గర నేర్చుకోకుండా గోల్ఫ్ హ్యాండిక్యాప్‌ను 5 లోపుకు దించగలమా?

పెన్న ఒడ్డు (అనంతపురం):

అందరికీ నమస్కారం. మా ఊరి నుంచి వారాంతాల్లో బెంగళూరు వెళ్లి గోల్ఫ్ ఆడి వచ్చే మిత్రుల మధ్య చాలాకాలంగా తెగని వాదాన్ని ఇక్కడ పెడుతున్నాను. ఫీజు కట్టి ప్రొఫెషనల్ దగ్గర పాఠాలు చెప్పించుకోకుండా, చూసి, చదివి, సొంతంగా సాధన చేసి హ్యాండిక్యాప్‌ను 5 లోపుకు తీసుకురావడం ఒక మామూలు ఉద్యోగికి సాధ్యమేనా? ఆట కొత్తవారి కోసం ఒక వివరం చెప్పాలి. హ్యాండిక్యాప్ అంటే కోర్సుకు (ఆట మైదానానికి) నిర్దేశించిన దెబ్బల కంటే ఆటగాడు సుమారు ఎన్ని ఎక్కువ తీసుకుంటాడో చెప్పే అంకె. అది ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో గరిష్ఠం 54. ఒక్కో స్కోరును ఆ కోర్సు ఎంత కష్టమైనదో చూసి సరిచేసి, చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 తీసుకుని సగటు కడతారు. కాబట్టి 5 హ్యాండిక్యాప్ అన్నది ఆటగాడు రోజూ కొట్టే స్కోరును కాక, అతను బాగా ఆడిన రోజున ఎంతవరకు రాగలడో చెబుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

నిస్సందేహంగా సాధ్యమే. పద్ధతి ప్రకారం ఒక్క పాఠం కూడా చెప్పించుకోలేదని తానే చెప్పుకున్న బబ్బా వాట్సన్ 2012లోనూ, 2014లోనూ మాస్టర్స్ (మేజర్లు అనే నాలుగు అతి పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచాడు. లీ ట్రెవినో డల్లాస్‌లో క్యాడీగా (ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాడిగా), డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) పనివాడిగా పెరిగి, తన స్వింగ్‌ను (కర్ర తిప్పి కొట్టే తీరును) తానే తయారుచేసుకుని ఆరు మేజర్ టైటిళ్లు సాధించాడు. అంత దూరం ఎందుకు? 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. 2009లో అదే టోర్నీ గెలిచిన మునియప్ప మన పొరుగున ఉన్న బెంగళూరులో క్యాడీ. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లు దేశంలోనే పెద్ద టోర్నీ గెలిచారంటే, చదువుకుని, చేతిలో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ పెట్టుకున్న మనం 5కు చేరలేమనడం మన ప్రయత్నాన్ని మనమే తక్కువ చేసుకోవడం అవుతుంది.

గండికోట (కడప):

కొండారెడ్డి బురుజు గారు చెప్పిన పేర్లతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన తీర్మానంతోనే ఉంది. క్యాడీని గురువు లేనివాడు అనడం సరికాదు. పొద్దు పొడవక ముందే కోర్సులో అడుగుపెట్టి, మంచి ఆటగాళ్ల పక్కన నడుస్తూ, ఏ గాలికి ఏ ఐరన్ (లోహపు తల ఉన్న కర్ర) తీశారో, గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వాలు ఎటు లాగిందో, ఎక్కడ తప్పు జరిగి బంతి ఎక్కడ పడిందో ఏళ్ల తరబడి కళ్లతో చూసినవాడికి ఆ కోర్సే బడి. ట్రెవినో పనిచేసిన డ్రైవింగ్ రేంజ్ అయినా అంతే, బంతులు ఆయన చేతికి అందుబాటులోనే ఉండేవి. అనంతపురం నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి, ఒక రౌండ్ ఆడి, రాత్రికి తిరిగివచ్చే ఉద్యోగికి ఆ బడి లేదు. అందువల్ల నా అభిప్రాయం మీ మాటకు నేరుగా ఎదురు: కోర్సులో గడిపే సమయం ఎంత తక్కువైతే కోచ్ అవసరం అంత ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి ప్రతిసారీ కుడివైపుకు వంకర తిరిగిపోతోంది. చెప్పేవారు లేకపోతే అతను ఏం చేస్తాడు? కాస్త ఎడమకు తిరిగి నిలబడతాడు. దానితో క్లబ్బు (కొట్టే కర్ర) బయటి నుంచి లోపలికి మరింత అడ్డంగా వస్తుంది, బంతి మరింత వంకర తిరుగుతుంది, అతను మరికాస్త ఎడమకు జరుగుతాడు. నిజానికి బంతి బయలుదేరే దిశలో 75 నుంచి 85 శాతం వాటా, తగిలిన క్షణంలో క్లబ్బు ముఖం ఎటు చూస్తోందన్నదానిది. వంకరకు కారణం ఆ ముఖానికీ, క్లబ్బు వచ్చే దారికీ మధ్య ఉన్న తేడా. చాలామందిలో ఈ లోపం గ్రిప్ దగ్గరే మొదలవుతుంది. ఎడమచేతి పట్టును పైనుంచి చూస్తే ఒకే ఒక్క కణుపు కనబడుతుంటుంది. రెండో మూడో కనబడేలా చేతిని కొంచెం కుడికి తిప్పి పట్టుకుంటే క్లబ్బు ముఖం సమయానికి మూసుకుంటుంది, అంటే కుడికి తెరుచుకుని ఉండిపోకుండా గురివైపు తిరుగుతుంది. ఇది వినడానికి చిన్న మార్పే. కాని కొత్త పట్టు మొదట్లో చేతికి పూర్తిగా పరాయిగా తోస్తుంది, షాట్లు ఇంకా అధ్వాన్నంగా పోతాయి, పక్కన నిలబడి "ఇదే సరైనది, కొనసాగించండి" అనేవారు లేనప్పుడు మనిషి వారం తిరగకుండానే పాత పట్టుకు వెళ్లిపోతాడు. ఫోన్ కెమెరా లోపాన్ని చూపగలదు కాని, ఆ ధైర్యాన్ని ఇవ్వలేదు.

18 మేజర్ టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ ఏటా సీజన్ మొదట్లో తన చిన్ననాటి గురువు జాక్ గ్రౌట్ దగ్గరికి వెళ్లి, గ్రిప్, నిలబడే తీరు మొదలుకొని మళ్లీ చూపించుకునేవాడు. మన అనంతపురంలో 2010 నుంచి పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్న కేంద్రం ఎవరి పేరు మీద ఉందో, ఆ నాదల్‌ను చిన్ననాటి నుంచి తీర్చిదిద్దింది ఆయన తండ్రి సోదరుడు టోనీ. టెన్నిస్‌కు కోచ్ అవసరమా అని మన ఊళ్లో ఎవరూ అడగరు. గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, బంతి కదలకుండా ఉంటుంది కాబట్టి, ఎవరికి వారే నేర్చుకోవచ్చని ఎందుకు అనుకుంటామో నాకు బోధపడదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

గండికోట గారూ, మీరు చెప్పిన బంతి దిశ సూత్రాన్నే దశాబ్దాల పాటు ఎందరో ప్రొఫెషనళ్లు తలకిందులుగా బోధించారు. బంతి క్లబ్బు వచ్చిన దారిలో బయలుదేరి, ముఖం చూసే వైపుకు తిరుగుతుందనేవారు. రాడార్ పరికరాలు వచ్చి కొలిచాకే ఆ మాట మారింది. ఫీజు కట్టి ఆ పాఠం విన్నవారి కాలం, డబ్బు ఎవరు తిరిగి ఇస్తారు? పైగా పటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం), చిప్పింగ్ (దగ్గరి నుంచి చిన్నగా లేపి కొట్టడం) వంటివాటికి పెద్ద మైదానం కూడా అక్కర్లేదు, ఇంటి దగ్గరే రోజూ సాధన చేయవచ్చు. ఆ సాధన చేయకుండా పాఠాల మీద పాఠాలు చెప్పించుకునేవారిని చాలామందిని చూశాను, వారి హ్యాండిక్యాప్ అంగుళం కదలలేదు.

గండికోట (కడప):

సాధన లేని పాఠం దండగ అన్న మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. తప్పుగా చెప్పే కోచ్‌లు ఉంటారన్నదీ నిజమే, అందుకే కొలిచి చూపించే పరికరం ఉన్నవారిని వెతుక్కోవాలి. కాని 20 నుంచి 12కు దిగడం వేరు, 12 నుంచి 5కు దిగడం వేరు. మొదటిది ఇంటి దగ్గరి పటింగ్‌తో, తెలివైన ఆటతో రావచ్చు. రెండోదానికి దూరం నుంచి గ్రీన్ మీదికి కొట్టే ఐరన్ షాట్లు నిలకడగా ఉండాలి. ఆ నిలకడ స్వింగ్ నుంచి వస్తుంది కాబట్టి, దాన్ని బయటి నుంచి చూసే కన్ను అవసరం.

పెన్న ఒడ్డు (అనంతపురం):

మరి వారం వారం కోచ్ దగ్గరికి వెళ్లలేని నాలాంటివారు ఏం చేయాలి?

గండికోట (కడప):

వారం వారం అక్కర్లేదండి. రెండు మూడు నెలలకు ఒక పాఠం చాలు. మొదటిసారి గ్రిప్, నిలబడే తీరు, బంతిని పెట్టే చోటు మాత్రమే చూడమనండి. స్వింగ్ మొత్తం ఒకేసారి మార్చమంటే ఒప్పుకోకండి. పాఠం చివర సరైన స్వింగ్‌ను రెండు వైపుల నుంచి, ఎదురుగానూ వెనుక నుంచీ, మీ ఫోన్‌లోనే తీయించుకోండి. తరువాత రేంజ్‌కు వెళ్లినప్పుడు క్లబ్బు ముఖానికి కాస్త టాల్కం పౌడరు పూసి కొడితే బంతి తగిలిన చోట ముద్ర పడుతుంది. అది మధ్యలో పడుతోందా, మడమ వైపు (ముఖంలో కర్ర కాడ అతికే వైపు) జరుగుతోందా అన్నది ఫోటో తీసి దాచి, వచ్చే పాఠానికి వెళ్లినప్పుడు కోచ్‌కు ముందుగా అవి చూపించండి.