బస్సు అంటే ఉత్త విభక్తి ప్రత్యయమే!

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: ఇంగ్లీషువాళ్ళు అన్నన్ని కొత్త మాటలు ఎక్కణ్ణుంచి తెస్తారు, వాళ్ళకీ మనలాగా పారిభాషిక పదాల సంఘాలు ఉన్నాయా అని. వ్యాఖ్యగా రాయబోతే పొడుగైపోయింది, విడిగా పెడుతున్నాను. సంఘాల మాట అటుంచండి. అక్కడి మాటలు కొన్ని సంధి తప్పుగా విడదీసినవాళ్ళ పుణ్యం. మన పదో తరగతి పేపర్లో అయితే సున్నా పడే పని.

బస్సునే తీసుకోండి. 1820లలో ఫ్రాన్సులో గుర్రాలు లాగే పెద్ద బండ్లు తిరగడం మొదలైంది. డబ్బిచ్చినవాళ్ళెవరైనా ఎక్కొచ్చు కనక లాటిన్‌లో 'ఓమ్నిబుస్' అని పేరు పెట్టారు. 'అందరి కొరకు' అని అర్థం. నాంత్ అనే ఊళ్ళో ఒక టోపీల కొట్టు బోర్డు మీద ఈ మాట ఉండేదనీ, బండి దాని ముందు ఆగేది కనక ఆ పేరే అంటుకుందనీ ఒక కథ చెబుతారు. కథ మరీ అందంగా ఉంది, అందుకే నేను నమ్మను. 1829లో జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన మూడు గుర్రాలు కట్టిన అలాంటి బండిని లండన్ వీధుల్లో నడిపాడు. అంత పొడుగు పేరు పలికే తీరిక జనానికి ఎక్కడిది? కొన్నేళ్ళలోనే ముందు భాగం తెగ్గోసి 'బస్' అనేశారు.

కోసింది ఎక్కడో చూడండి. 'అందరు' అనే అర్థమంతా 'ఓమ్ని'లో ఉంది. 'బుస్' అన్నది చతుర్థీ బహువచన ప్రత్యయం. చిన్నప్పుడు రామశబ్దం వల్లించినవాళ్ళు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: రామాయ, రామాభ్యామ్, రామేభ్యః. ఆ 'భ్యః', ఈ 'బుస్' ఒక తల్లి పిల్లలు. బహువచనంలో చతుర్థికీ పంచమికీ ఒకటే రూపం ఉండడం కూడా రెండు భాషల్లోనూ ఒకటే. అంటే లండన్ జనం భోజనం పారేసి విస్తరాకు దాచుకున్నారన్నమాట. తెలుగులో ఇదే పని చేసి ఉంటే "ఏడున్నర కొరకు వెళ్ళిపోయిందా? తర్వాతి కొరకు ఎన్నింటికి?" అని స్టాండులో అడుగుతూ ఉండేవాళ్ళం.

కోత ఎక్కడైనా పడొచ్చు. టెలిఫోనుకి తల పోయి ఫోను మిగిలింది, ల్యాబొరేటరీకి తోక పోయి ల్యాబు మిగిలింది. ఇన్‌ఫ్లుయెంజాకి తలా తోకా రెండూ పోయి ఫ్లూ అయింది, రిఫ్రిజిరేటరు ఫ్రిజ్ అయినట్టే. కానీ ఫోనులో 'ధ్వని' అనే గ్రీకు అర్థం ఇంకా బతికే ఉంది. బస్సులో ఏమీ లేదు, ఉత్త విభక్తి.

కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ కండక్టర్: అందరి కొరకు అని పేరైతే మంచిగనే పెట్టిండ్రు సార్, సీట్లే అందరికి లేవు. పొద్దుగాల మొదటి ట్రిప్పుల నిలవడానికి గుడ జాగ ఉండకపోయేది.

ఒక టీచరు గారు: మాస్టారూ, బర్గర్ కూడా ఇలాంటిదేనా? మా అమ్మాయి హ్యాంబర్గర్‌లో హ్యామ్ ఏదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు: అచ్చం ఇలాంటిదేనండీ. హాంబుర్గ్ జర్మనీలో ఊరు. చివర 'అర్' చేరిస్తే 'హాంబుర్గ్‌ది' అని అర్థం. అంటే విడదీయాల్సింది హాంబుర్గ్ + అర్ అని. ఇంగ్లీషులో పంది తొడ మాంసాన్ని 'హ్యామ్' అంటారు కనక వినేవాళ్ళు హ్యామ్ + బర్గర్ అని విడదీసుకున్నారు. హ్యామ్ ఒక రకమైతే మిగతా రకాలూ ఉండాలి కదా! చీజ్‌బర్గర్ వచ్చింది, ఆ తర్వాత మన వెజ్ బర్గర్. 'బుర్గ్' అంటే అసలు కోట. మనం ధర్మవరం చీరలో 'వరం' అంటే చీర కాబోలు అనుకుని కాటన్‌వరం, సిల్కువరం అని అమ్ముకున్నట్టు.

హెలికాప్టర్ ఇంతకన్నా ముచ్చటైనది. గ్రీకులో 'హెలికో' అంటే మెలితిరిగినది, 'ప్టెర్' అంటే రెక్క. ప్ట అనే సంయుక్తాక్షరం మాట మొదట్లో వస్తే ఇంగ్లీషు నోటికి పడదు. అందుకని ఆ 'క'ని రెండో ముక్కలోకి లాగేసి హెలి + కాప్టర్ అన్నారు. ఇప్పుడు ఆ రెండు ముక్కలూ వేరు కాపురాలు పెట్టాయి. హెలిప్యాడ్ ఒకదాని సంతానం, క్వాడ్‌కాప్టర్ రెండోదాని సంతానం. గ్రీకువాడు లేచొస్తే రెండింటినీ గుర్తుపట్టడు.

ఒక సభ్యుడు (కాస్త కోపంగా): అంటే మన పిల్లలు తప్పు రాస్తే తప్పు, వాళ్ళు తప్పు రాస్తే కొత్త మాట. ఇదేం న్యాయమండీ?

జవాబు: మీ కోపం సబబే గానీ, ఇది రాతలో జరిగింది కాదు, చెవిలో జరిగింది. క్రికెట్ అంపైర్‌ని తీసుకుందాం. పాత ఫ్రెంచిలో 'నోన్‌పేర్' అంటే జత కానివాడు. ఇద్దరు వాదులాడుకుంటుంటే తీర్పు చెప్పే మూడోవాడు. అది ఇంగ్లీషులోకి నకారంతోనే వచ్చింది. 'ఎ నంపైర్' అని ఒకడు అంటే పక్కవాడికి 'ఆన్ అంపైర్' అని వినపడింది. అంతే, నకారం గోడ దూకింది. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పుడు నేప్రన్. దాని చుట్టం న్యాప్‌కిన్ మాత్రం నకారాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఆడర్ అనే పాముదీ అదే కథ.

ఎదురు దెబ్బ కూడా ఉంది. 'ఈక్' అంటే అదనం. 'ఆన్ ఈక్‌నేమ్' అంటే కొసరు పేరు. ఆ నకారం ఈసారి ఇటు దూకి 'ఎ నిక్‌నేమ్' అయింది. మన ద్రుతం గుర్తొస్తోంది కదూ? అచ్చు ముందు నిలబడే నకారం, ఎవరి సొత్తో తెలియకుండా మాటల మధ్య తిరిగే నకారం.

వ్యాకరణం చెప్పే ఒక పెద్దాయన: చిన్న సవరణ. ఆ 'ఆన్'లో నకారం కొత్తగా వచ్చి చేరింది కాదు. అది 'ఒకటి' అనే సంఖ్యావాచకమే. నకారం మొదటినుంచీ ఉంది, హల్లు ముందు పడిపోయింది. కాబట్టి ఆగమం అనుకోకండి, లోపం అనండి. ద్రుతంతో పోలిక అప్పుడు ఇంకా బాగా కుదురుతుంది, 'వచ్చెను', 'వచ్చె' రెండూ ఉన్నాయి కదా.

జవాబు: ఒప్పుకున్నాను గురువుగారూ. మీరు ఈ మాట అంటారని ఒక పక్క భయపడుతూనే రాశాను.

ఇదే వరసలో మన నారింజ. ద్రావిడ మూలం అని చాలామంది పండితులు చెబుతారు. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పెయిన్ దాకా నకారం భద్రంగానే వెళ్ళింది. ఇటలీ, ఫ్రాన్సు దాటేసరికి అక్కడి 'ఒక' అనే మాట నకారాన్ని మింగేసింది. ఇంగ్లండుకి చేరింది ఆరెంజ్. అంటే సంతలో మనం "ఆరెంజ్ కిలో ఎంత" అని అడుగుతున్నది మన పండునే, ముక్కు కోయించుకుని తిరిగొచ్చిన పేరుతో.

కోపం వచ్చిన సభ్యుడికి ఇంకో మాట. తెలుగువాళ్ళమూ తక్కువ తినలేదు. ఇంగ్లీషులో 'రైల్' అంటే కింద పరిచిన ఇనప పట్టా. దాన్ని మనం బండికి అంటగట్టాం. ఆపైన 'రైలు పట్టాలు' అంటున్నాం, అంటే పట్టాల పట్టాలు. ఎవరికీ ఇబ్బంది లేదు, నాకూ లేదు. ఏ సంఘమూ కూర్చుని 'రైలు'ని ఆమోదించలేదు. నిఘంటువు తిరగేసి, సంధి తప్పకుండా మనం కట్టిన ధూమశకటం మాత్రం ప్లాట్‌ఫారం దాటలేదు.

భాషాశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థి: సర్, చదువుతుంటే సరదాగానే ఉంది గానీ, ఇంగ్లీషు కొత్త మాటల్లో ఎక్కువ భాగం సమాసాలూ, ప్రత్యయాలు చేర్చినవీనే. తప్పు కోతలు కొద్ది భాగమే. కొత్తవాళ్ళు అపార్థం చేసుకుంటారేమో.

జవాబు: నిజమే తమ్ముడూ. ఎయిర్‌పోర్టు, కీబోర్డు, స్మార్ట్‌ఫోను అలా పుట్టినవే. వాటిలో చెప్పుకోవడానికి కథ ఉండదు, అందుకే దాటేశాను. కోతల్లోనే ఇంకో జాతి ఉంది, దాన్ని వదిలేశాను: ఉన్న మాట నుంచి లేని మాటని ఊహించడం. ఎడిటర్ ముందు పుట్టాడు, ఎడిట్ చేయడం తర్వాత వచ్చింది. బఠానీ గింజకి ఒకప్పుడు 'పీజ్' ఏకవచనమే. చివర జకారం వినపడగానే బహువచనం అనుకుని 'పీ' అనే ఏకవచనాన్ని కల్పించారు.

విద్యుత్ శాఖలో చేసి రిటైరైన ఒకాయన: ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్లలో చేశాను. బస్‌బార్ అని లావుపాటి కడ్డీ ఉంటుంది, ఫీడర్లన్నీ, అంటే బయటికి కరెంటు తీసుకెళ్ళే లైన్లన్నీ, దాన్నుంచే కరెంటు తీసుకుంటాయి. బస్సుకీ దీనికీ సంబంధమేంటని కొత్తలో అడిగితే మా పై అధికారి "పొడుగ్గా ఉంటుంది కదయ్యా" అన్నారు. ఇన్నాళ్ళూ అదే అనుకుంటున్నాను.

జవాబు: మీ వ్యాఖ్యకి దండం సార్! దాని పాత పేరు ఓమ్నిబస్ బార్. ఫీడర్లన్నింటి కొరకు ఒకటే కడ్డీ. అంటే జనం ఎక్కే బస్సులో అర్థం ఆవిరైపోయినా మీ సబ్‌స్టేషన్లో మాత్రం ఇంకా ఉంది. అక్కణ్ణుంచి కంప్యూటర్లలోకి వెళ్ళింది, లోపలి భాగాలన్నీ పంచుకునే దారి పేరు బస్. ఫోను చార్జింగు తీగ యూఎస్‌బీలో చివరి అక్షరం అదే: యూనివర్సల్ సీరియల్ బస్. రామేభ్యః ఇప్పుడు మన జేబులో ఉందండీ.

టీచరు గారు: మరి ఆటో?

జవాబు: ఆటోరిక్షాకి తోక తెగి ఆటో అయింది. రిక్షాకి అంతకు ముందే తల తెగింది. జపాన్‌లో అది జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. ఇంగ్లీషువాళ్ళు మనిషిని తీసేసి బలాన్నీ బండినీ ఉంచుకున్నారు. మనం ఆ రెండూ కూడా వదిలేశాం. మిగిలిన 'ఆటో'కి గ్రీకులో 'తనంతట తాను' అని అర్థం.

కరీంనగర్ కండక్టర్: కరెక్టే సార్. మనం ఎక్కడికి రమ్మన్నా రాదు. తనంతట తాను పోయే దిక్కే పోతది.