పని చోటి గాలిని కొలవడానికి ముందు ఏది కొనాలి: చేతి మీటరా, నడుముకు కట్టే పంపా?

పరవాడ (ప్రశ్న వేసినవారు):
మాది పరవాడ వైపు సాల్వెంట్లు వాడే చిన్న యూనిట్. టోలుయీన్, మిథనాల్, అందరూ ఎండీసీ అని పిలిచే మిథిలీన్ డైక్లోరైడ్, ఈ మూడూ రోజూ వాడకంలో ఉంటాయి. గాలిలో ఆవిరి కొలిచే పరికరాలకు ఈ ఏడాది యాజమాన్యం ఇచ్చిన డబ్బు ఏదో ఒక్కదానికే సరిపోతుంది. పీఐడీ (అతినీలలోహిత కాంతి దీపంతో గాలిలోని ఆవిరిని పసిగట్టే చేతి మీటరు) కొంటే అంకె అక్కడికక్కడే కనబడుతుంది. కార్మికుడి నడుముకు కట్టి గాలిని ట్యూబులోకి లాగే పంపులు, ఆవిరిని పట్టి ఉంచే ట్యూబులు కొంటే ప్రతిసారీ ల్యాబ్ ఖర్చు, ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూపు. నా మొగ్గు మీటరు వైపే ఉంది. అది తప్పయితే కారణంతో సహా చెప్పగలరు.

గాజువాక:
మీటరే కొనండి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చిన రోజును విశాఖలో ఉన్న మనకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. అలాంటి ఘడియలో ట్యూబులో గాలి పట్టి ల్యాబ్‌కు పంపి కూర్చోగలమా? స్టైరీన్‌ను పీఐడీ చక్కగా పట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యం, మా దగ్గర సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సాల్వెంటును వేరుచేసే యంత్రం) మూత తెరవగానే అంకె ఎలా ఎగబాకుతుందో కార్మికుల కళ్లముందు చూపించిన నాటి నుంచి మాస్కు పెట్టుకోమని బతిమాలాల్సిన పని తప్పింది. కాగితం మీద వచ్చిన ల్యాబ్ రిపోర్టు ఏనాడూ ఆ పని చేయలేదు.

ఉక్కునగరం:
గాజువాక గారు చెప్పింది స్టైరీన్ విషయంలో అక్షరాలా నిజం. అయితే ప్రశ్న వేసినవారి సాల్వెంట్లు ఏమిటో ఆయన చూసినట్టు లేదు. పీఐడీ లోపల ఉండే దీపం సాధారణంగా 10.6 ఎలక్ట్రాన్ వోల్టులది. ఏ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి అంతకంటే ఎక్కువ శక్తి కావాలో ఆ అణువు ఆ మీటరుకు కనబడదు. స్టైరీన్‌కు 8.4, టోలుయీన్‌కు 8.8 చాలు కనుక ఆ రెండూ దొరికిపోతాయి. మిథనాల్‌కు 10.85 కావాలి, ఎండీసీకి 11.3 కావాలి. అంటే గదంతా ఎండీసీ నిండినా తెర మీద సున్నా ఉంటుంది, ఆ సున్నాను చూసి మనిషి ధైర్యంగా లోపలికి వెళతాడు. నా దృష్టిలో, మీటరే లేకపోవడం కంటే అది ప్రమాదం. 11.7 దీపం దొరుకుతుంది గానీ, దాని కిటికీకి వాడే లిథియం ఫ్లోరైడ్ తేమకు పాడవుతుంది, మన సముద్రపు గాలిలో అది ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. టోలుయీన్ అంకెను కూడా ఉన్నదున్నట్టు నమ్మకూడదు: మీటరును ఐసోబ్యుటిలీన్ అనే వేరే వాయువుతో సరిచూస్తారు కాబట్టి, తెర మీద 100 కనబడితే గాలిలో ఉన్నది దాదాపు 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) టోలుయీన్ మాత్రమే.

పంపు విషయంలోనూ కళ్లు మూసుకుని కొనవద్దు. ఎండీసీకి కొబ్బరి చిప్ప బొగ్గు నింపిన చార్‌కోల్ ట్యూబులు రెండు వరసగా తగిలించాలి, మొత్తం గాలి రెండున్నర లీటర్లు దాటకూడదు. దాటితే ఆవిరి ట్యూబులో నిలవకుండా అవతలికి జారిపోతుంది. నిమిషానికి 10 మిల్లీలీటర్ల చొప్పున పీలిస్తే నాలుగు గంటలకు 2.4 లీటర్లు అవుతుంది కనుక, ఒక షిఫ్ట్‌కు రెండు జతలు పడతాయి. మిథనాల్‌కు బొగ్గు పనికిరాదు, సిలికా జెల్ ట్యూబు కావాలి, అదీ తేమను తాగేస్తుంది. ట్యూబు కాలరు దగ్గర, ముక్కుకు అడుగు లోపు దూరంలో ఉండాలి. షిఫ్ట్ ముందూ వెనుకా పంపు వేగం కొలిచి, తేడా అయిదు శాతం దాటితే ఆ శాంపిల్‌ను పక్కన పడేయాలి. దీనికి క్యాలిబ్రేటర్ కావాలి, చాలామంది కొటేషన్‌లో దాన్నే మరిచిపోతారు.

రేవు:
నేను ఓడరేవులో బొగ్గు దిగుమతి దగ్గర పనిచేస్తాను, మా బాధ ఆవిరి కాదు, దుమ్ము. కాంతిని చెదరగొట్టే తీరును బట్టి దుమ్మును లెక్కించే మీటరు మాకు ఇచ్చారు. ఒక వేకువజామున క్రేన్లన్నీ ఆగి ఉండగా అంకె పగటి పనికంటే ఎక్కువ చూపించింది. కారణం అలల నుంచి లేచే ఉప్పు కణాలు: తేమ 75 శాతం దాటాక అవి నీరు పీల్చి ఉబ్బుతాయి, మీటరు వాటినీ బొగ్గు దుమ్ముగానే చూస్తుంది. ఆ తర్వాత పెద్ద కణాలను వేరుచేసే సైక్లోన్ అనే చిన్న గొట్టం, పీవీసీ ఫిల్టరు, పంపు పెట్టి, ఫిల్టరు మీద పడిన దుమ్మును తూకం వేయించాం. ఆ మీటరును ఇప్పుడు కూడా వాడతాం, నీళ్లు చల్లడానికి ముందూ తర్వాతా తేడా చూడటానికి మాత్రమే.

గాజువాక:
ఎండీసీ విషయం నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా పంపు మీద ఇంత నమ్మకం నాకు కుదరదు. మా దగ్గర ఒకాయన ఉక్కపోతకు తాళలేక పంపును చొక్కాతో సహా మేకుకు తగిలించి పని చేసుకున్నాడు, ల్యాబ్ మాత్రం ఆ మేకు పీల్చిన గాలికి మూడు దశాంశాల దాకా లెక్క కట్టి పంపింది. పైగా ఎనిమిది గంటల సగటులో సెంట్రిఫ్యూజ్ తెరిచిన ఆ అయిదు నిమిషాలు కొట్టుకుపోతాయి.

ఉక్కునగరం:
మేకు సంగతి పంపు తప్పు కాదు, పక్కన ఎవరూ లేకపోవడం తప్పు. సగటు సంగతికి జవాబు చట్టంలోనే ఉండేది: 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో 1987లో 41-ఎఫ్ సెక్షన్‌ను చేర్చినప్పుడు, రెండో షెడ్యూలు ఎనిమిది గంటల సగటుతో పాటు, కొన్ని పదార్థాలకు పదిహేను నిమిషాల పరిమితి కూడా పెట్టింది. సెంట్రిఫ్యూజ్ తెరిచే సమయానికి వేరే జత ట్యూబులు తగిలించి, నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున పదిహేను నిమిషాలు నడపండి. బరువు తక్కువని కొందరు, పంపు లేకుండానే ఆవిరిని పట్టే కాలరు బ్యాడ్జీలు వాడమంటారు, కానీ వాటి ఎదుట గాలి కదలకపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. మూసిన గదుల్లో నేను వాడను.

పరవాడ:
నిన్న తెలిసినవారి పీఐడీని ఒక పూటకు అడిగి తెచ్చి, ఎండీసీ డ్రమ్ము ఖాళీ చేసేచోట పట్టుకున్నాను. ముక్కుకు తియ్యటి వాసన స్పష్టంగా తెలుస్తోంది, అంటే పరిమితి అప్పటికే దాటిపోయి ఉంటుంది, తెర మీద మాత్రం సున్నా. పక్కనే టోలుయీన్ డ్రయ్యర్ దగ్గర అదే మీటరు గణగణ మోగింది. రెండు పంపులకూ ఒక క్యాలిబ్రేటర్‌కూ కొటేషన్ అడిగాను. డ్రయ్యర్ కోసం మీటరును గాజువాక గారు నెలకు ఒక్క రోజు అద్దెకు ఇప్పించగలిగితే మేలు. ఒక్క సందేహం మిగిలింది: ట్యూబులు హైదరాబాద్ ల్యాబ్‌కు ఆర్టీసీ కార్గోలో వెళ్లాలి, ఈ ఎండల్లో ఐసు పెట్టె చల్లదనం మర్నాటి దాకా నిలుస్తుందా, లేక మనిషినిచ్చి రాత్రి రైలుకు పంపమంటారా?